గోత్రం మారిన రక్తం

నా రక్తం ఏ గ్రూపో నాకంటే ముందు మా మామగారికి తెలుసు. సూది గుచ్చకుండా, గాజుపలక మీద చుక్క వేయకుండా, వంటింట్లో ఉన్న నన్ను పిలవనైనా పిలవకుండా ఆయన కూర్చున్న చోటే తేల్చేశారు. అంతటి విద్వాంసుడు తిరుపతిలో ఇంకొకరు ఉంటారని నేను అనుకోను.

మామగారి పేరు శ్రీమన్నారాయణ. ముప్పై ఏళ్లు బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. రిటైరైన మనిషికి ఏదో ఒక వ్యాపకం కావాలి కదా. కొందరు పేకాడతారు, కొందరు కోడళ్లకు వంట నేర్పుతారు. మా మామగారు వంశం పుస్తకం మొదలుపెట్టారు. నల్ల అట్ట వేసిన పొడుగాటి నోటుపుస్తకం. అందులో స్కేలు పెట్టి గళ్లు గీసి, ఇంట్లో ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ, నక్షత్రం, గోత్రం రాశారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ పుస్తకం పెరుమాళ్ల అలమరలో సాలగ్రామాల పక్కన ఉండేది. స్నానం చేయకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ నాలుగు గళ్ల పక్కన అయిదో గడి పుట్టడానికి కారణం మా ఆయన. పేరు శఠగోపం, ఆఫీసులో గుమాస్తా. డెబ్భై తొమ్మిదిలో వాళ్ల ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. రక్తమిచ్చిన వాళ్లకు ఒకరోజు సెలవు, ఒక కార్డు, చొక్కాకు పెట్టుకునే ఎర్ర బిళ్ల అన్నారు. సెలవు మాట చెవిన పడగానే మా ఆయన వరుసలో అందరికంటే ముందు నిలబడ్డారు. వేలు గుచ్చి చూసి, ఓ పాజిటివ్ అని కార్డు మీద రాసి, బిళ్లతో పాటు చేతికిచ్చారు. అంతవరకు బాగానే ఉంది. మంచం మీద పడుకోబెట్టి అసలు సూది బయటికి తీసేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. మొహాన నీళ్లు చల్లి, బత్తాయి రసం తాగించి, రెండు బిస్కెట్లు పెట్టి ఇంటికి పంపించారు. కార్డు, బిళ్ల అప్పటికే జేబులో ఉన్నాయి. వాటిని తిరిగి ఇచ్చేయాలన్న ఆలోచన ఆ మైకంలో ఆయనకు రాలేదట. ఈ సంగతి నాకు తెలిసింది నాలుగేళ్ల తర్వాత.

ఇంట్లో మాత్రం ఆయన రక్తం ధారపోసిన వీరుడు. పోయింది పూడాలని మా అత్త పెరుందేవి నెల రోజులపాటు పొద్దున బాదంపాలు, సాయంత్రం నేతి ఉప్మా పెట్టించింది. బాదంపప్పు నానబెట్టి, తొక్క తీసి, రోట్లో నూరింది నేనే. మామగారిది ఇంకో బెంగ. కొడుకు రక్తం ఏ మాంసం తినేవాడి ఒంట్లోకి పోతుందోనని ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ రక్తాన్ని వైష్ణవులకే ఎక్కించాలని, వీలుంటే ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లను చూసి ఎక్కించాలని కోరుతూ శిబిరం డాక్టరుగారికి ఇన్లాండు లెటరు రాశారు. డాక్టరుగారు జవాబు రాయలేదు. రాసి ఉంటే మా ఆయన గుట్టు అప్పుడే బయటపడేది.

లెటరు పోస్టులో వేసిన మర్నాడు మామగారు పుస్తకం తెరిచి అయిదో గడి గీశారు. పైన 'రక్తం' అని రాశారు. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, రక్తమూ అంతే, కాబట్టి కొడుకుది ఓ పాజిటివ్ అయితే తనదీ అదే అన్నారు. తన తండ్రిదీ అదే. తన పుట్టుకకు ముందే పోయిన తాతగారిదీ అదే. ఆ వరుసలో కింద మా అత్త పేరు, నా పేరు వచ్చాయి. ఆయన ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పెళ్లినాడు మేమిద్దరం పుట్టింటి గోత్రం వదిలేసి వీళ్ల శ్రీవత్స గోత్రంలోకి వచ్చాం కదా. గోత్రం మారాక రక్తం మారకుండా ఎట్లా ఉంటుందని ఆయన వాదం. చిత్తూరులో కాపురం ఉన్న మా ఆడబిడ్డ పంకజాక్షి పేరు ఎదురుగా మాత్రం ఎర్ర సిరాతో గీత కొట్టి, 'అల్లునిది తెలియవలెను' అని రాశారు. ఆ అల్లుడికి ఆర్నెల్లు వరసగా పోస్టుకార్డుల మీద పోస్టుకార్డులు పోయాయి.

నేను అప్పుడు నవ్వుకున్నాను. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుకున్నాను. నవ్వకుండా అడ్డం తిరిగి ఉంటే బాగుండేది. నేను చేసిన తప్పు అదే.

నాకు మొదట పుట్టింది కూతురు, కుముద. అది పుట్టినప్పుడు మా అత్త పురిటింటి గడప తొక్కలేదు. మూడు నెలలు దాన్ని ఎత్తుకోలేదు. దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయేది. ఆడపిల్ల పుట్టిందని మొహం మాడ్చుకుందనుకున్నాను. అట్లాగని అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

ఎనభైలో రెండో కాన్పు. ఊళ్లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్. చేర్చుకునేటప్పుడు నర్సు నా రక్తం గ్రూపు అడిగింది. నేను నోరు తెరిచేలోపల మామగారు చేతిసంచిలోంచి పట్టుగుడ్డ, పట్టుగుడ్డలోంచి పుస్తకం తీశారు. నక్షత్రంతో, గోత్రంతో, స్కేలు గీతలతో సహా అంత శుభ్రంగా రక్తం రాసి ఉన్న పుస్తకాన్ని ఆ నర్సు జన్మలో చూసి ఉండదు. చూసి మురిసిపోయి, పరీక్ష గిరీక్ష లేకుండా దాన్నే తన కాగితంలోకి ఎక్కించుకుంది. మామగారు ఆమె చేతిరాత కూడా కొంచెం దిద్దారు.

మగపిల్లవాడు పుట్టాడు. రెండోరోజు కళ్లలో పసుపు కనిపించింది. సాయంత్రానికి ఒళ్లంతా పసుపు పూసినట్టయింది. మూడోరోజు పాలు పట్టలేదు. నాలుగోరోజు లేడు. వాడి బరువు ఇప్పటికీ నా ఎడమ చేతికి తెలుసు. పదకొండోరోజు దాకా బతకలేదు కాబట్టి వాడికి పేరు పెట్టలేదు, పేరు లేదు కాబట్టి వాడికి ఆ పుస్తకంలో చోటు లేదు.

తప్పు ఎవరిదని ఇంట్లో విచారణ జరిగింది. మామగారు నా జాతకం తీసి నక్షత్రంలో దోషం పట్టుకున్నారు. మా అత్త నాగదోషమంది. మా ఇళ్లలో పుట్టలో పాలు పోసే ఆచారం లేదు, పెరుమాళ్లను తప్ప ఇంకొకరిని కొలవకూడదు. అందుకని నాచేత దొంగచాటుగా పోయించింది. పాల చెంబు మీద కూరగాయల సంచి కప్పి నన్ను పుట్ట దగ్గరికి తీసుకుపోయేది. తిరిగొచ్చేటప్పుడు ఒకసారి దారిలో ఉన్నట్టుండి, "నా కడుపు మాదిరే నీ కడుపూ" అంది.

ఆమెకు పంకజాక్షి, మా ఆయన పుట్టాక ఇంకో ముగ్గురు పుట్టి పోయారని నాకు తెలుసు. మా ఇంట్లో వాళ్లను 'నిలవనివి' అంటారు. అంతకుమించి ఎవరూ మాట్లాడరు. నన్ను కూడా తన పక్కన నిలబెట్టుకుని దెప్పుతోందనుకుని ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఎనభై మూడులో మళ్లీ నెల తప్పింది. అయిదో నెలలో ఒకరోజు తోటకూర కొనడానికి గాంధీరోడ్డుకు పోతే, అక్కడ డాక్టరు చదువుతున్న పిల్లలు బల్ల వేసుకుని కూర్చున్నారు. 'మీ రక్తం గ్రూపు తెలుసుకోండి, ఉచితం' అని గుడ్డ కట్టారు. నా గ్రూపు సాలగ్రామాల పక్కనే భద్రంగా ఉంది, నాకు దాంతో పనిలేదు. అయినా ఆ చివర కూర్చున్న పిల్ల నవ్వుతూ పిలిచింది. మామగారి పాండిత్యానికి ఒక సర్టిఫికెట్ తీసుకుపోదామనిపించి వేలు చాపాను.

ఆ పిల్ల గాజుపలక మీద మూడు చుక్కలు వేసి, మందు కలిపి చూసింది. మళ్లీ ఒకసారి చూసింది. ఓ నెగటివ్ అంది. తర్వాత నా కడుపు వైపు చూసి, ఎన్నో కాన్పని అడిగింది. ముందు బిడ్డ ఏమైనా పోయాడా అని అడిగింది. పోయాడన్నాను. పచ్చగా అయి పోయాడా అంది. నా సంచిలోని తోటకూర కట్ట కింద పడింది.

ఆ పిల్ల నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయన గ్రూపు అడిగి తెలుసుకుని, నిదానంగా చెప్పింది. నీ భర్త రక్తంలో ఉన్న ఒక గుణం నీ రక్తంలో లేదు. కడుపులో బిడ్డకు తండ్రి గుణం వస్తే నీ రక్తం ఆ బిడ్డను పరాయివాడనుకుని ఎదురు తిరుగుతుంది. మొదటి బిడ్డ తప్పించుకుంటుంది, ఒక్కోసారి రెండో బిడ్డ కూడా, ఆ తర్వాతి వాళ్లకే గండం. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పో అని చీటీ మీద రాసిచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి ఆ పిల్లకు. ఇరవై నిమిషాల్లో ఆ పిల్ల చెప్పింది, మా ఇంట్లో నాలుగు తరాల రక్తం పుస్తకంలో రాసినా తెలియలేదు.

ఇంటికొచ్చి చీటీ మామగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, తీసేసి, చీటీని నాకే తిరిగి ఇచ్చారు.

"మన వంశంలో నెగటివ్ అనేదే లేదమ్మా. ఆ పిల్లకాయలు సీసాలు మార్సినట్టుండారు."

నెగటివ్ అన్న మాటే ఆయనకు అశుభంగా తోచింది. శుభమా అని కడుపుతో ఉన్నదానివి, అటువంటి మాటలు ఇంట్లోకి తేవద్దన్నారు. మా ఆయన పైన తిరిగే ఫ్యాను రెక్కలు ఎన్నో లెక్కపెడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. పెళ్లయిన ఏడేళ్లలో మామగారి ముందు గొంతు లేపింది ఆ ఒక్కసారే.

"ఈ బిడ్డా పచ్చగా అయి పోతే ఏ గడిలో రాస్తారు మామా?"

మా అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఏమనింది ఆ పిల్ల? మొదటిది తప్పించుకుంటాదనిందా?" అని నన్నడిగింది.

అవునన్నాను. ఆమె లోపలికి పోయింది. మళ్లీ చేయి కడుక్కుని బయటికొచ్చి, మామగారి వైపు చూడకుండానే మాట్లాడింది.

"రేణిగుంటకు కార్డు రాయండి. వాళ్లన్న తీసకపోతాడు, పొయ్యొస్తాది. పుస్తకం యాడికీ పోదు గదా, ఈడనే ఉంటాది."

మామగారి మాటకు ఆమె ఎదురాడడం నేను చూడటం అదే మొదలు. ఆయన కూడా అదే మొదలు చూసినట్టున్నారు, కార్డు రాశారు.

మా అన్న దేవనాథన్‌ది రేణిగుంట స్టేషన్లో టికెట్లిచ్చే పని. వెంటనే సెలవు పెట్టి వచ్చి నన్ను బస్సులో చిత్తూరు మీదుగా వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మళ్లీ పరీక్ష చేశారు. సీసాలు మారలేదు. గాంధీరోడ్డు పిల్ల చెప్పిందంతా నిజమే. పదిహేను రోజులకొకసారి రమ్మన్నారు. నెలలు నిండకముందే కాన్పు చేయాలని, పుట్టగానే బిడ్డ ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీసేసి ఓ నెగటివ్ రక్తం ఎక్కించాలని, ఆ రక్తం దొరకడం కష్టమని, అది కూడా తాజాగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఒక సీసా తప్పకుండా కావాలి, రెండోది కూడా సిద్ధంగా ఉండాలి. కాన్పుకు ముందే బంధువులందరినీ తీసుకురండి, పరీక్ష చేసి చూస్తామంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. బంధువులనగానే మామగారు లేచి నిలబడ్డారు. తన గోత్రం సత్తా చూపించే రోజు వచ్చిందనుకున్నారు. దాయాదుల్లో ఆరుగురిని పోగుచేసి, తను, కొడుకు కలిసి ఎనిమిది మంది వ్యానెక్కారు. అందరూ పంచకచ్చాలు, పన్నెండు నామాలు, భుజాన ఉత్తరీయాలు. మా అన్నకు మాత్రం కబురు పంపలేదు. అతనిది కౌశిక గోత్రం, ఈ పనికి అతనెందుకన్నారు. మా అన్నకు నేనే వేరే కార్డు రాసుకున్నాను.

నేను అప్పటికే వార్డులో చేరి ఉన్నాను, తోడుగా మా అత్త ఉంది. ఎదురువీధిలో గది తీసుకుని కిరసనాయిలు స్టవ్వు మీద మడిగా వంట చేసి తెచ్చిపెట్టేది. కింద రక్తం తీసే చోట జరిగిందంతా మా అన్న వచ్చి చెప్పాడు. ఎనిమిది మంది శ్రీవత్స గోత్రీకులు బల్ల మీద వరుసగా కూర్చున్నారట. మామగారు అక్కడి కుర్రవాడికి పాశురాల అరవంలో వంశచరిత్ర చెప్పారట. ఆ అరవం మాట్లాడి కొన్ని వందల ఏళ్లయింది కాబట్టి అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత చీటీలు వచ్చాయి. ముగ్గురు ఏ. ఇద్దరు బీ. ఒకరు ఏబీ. మా ఆయన ఒక్కరే ఓ, అదీ పాజిటివ్. ఎనిమిదో చీటీ మామగారిది. బీ పాజిటివ్.

వంశం మొత్తానికి ఓ పాజిటివ్ పంచిపెట్టిన మహానుభావుడు తనే బీ. చీటీని ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశారట. ఎవరైనా బీ కావాల్సినవాళ్లకు ఇస్తారా అని అడిగితే, తనకు వయసు దాటిపోయిందన్నారట. రిటైరయ్యేటప్పుడు సర్టిఫికెట్లో వయసు రెండేళ్లు ఎక్కువ పడిందని ఆఫీసులతో పోట్లాడిన మనిషి, ఆ రోజు ఆ రెండేళ్లూ తిరిగి కలుపుకున్నారు. దాయాదులు ఆరుగురూ దాదాపు అదే వయసు వాళ్లయిపోయారు.

వరుస చివర నిలబడ్డ కౌశిక గోత్రం మా అన్నది ఓ నెగటివ్. ఏడడుగులు నడిచినా, అగ్ని చుట్టూ తిరిగినా నా రక్తం మా అమ్మానాన్నల ఇంట్లోనే ఉండిపోయింది. మా అన్న చొక్కా చేయి పైకి మడిచి పడుకుని ఒక సీసా ఇచ్చాడు. తర్వాత కాఫీ తాగి, నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

ఇంకొక సీసా సంగతి తేలలేదు. మా అన్న మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వకూడదన్నారు. మర్నాడే కాన్పు. సాయంత్రం వార్డులో ఆ మాటే అనుకుంటుంటే, మూలన కూర్చున్న మా అత్త లేచింది.

"నాది సూడలేదు గదా ఎవురూ" అంది.

నిజమే, ఎవరికీ తోచలేదు. ఎనిమిది మంది మగవాళ్లను వ్యానులో తెచ్చాం కానీ పక్కనే కూర్చున్న ఆడమనిషి ఒంట్లో కూడా రక్తం ఉంటుందని మాకు తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆమె కిందికి పోయి వేలు గుచ్చించుకుని వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె మొహం నేనెప్పుడూ చూడని మొహం. మెట్లు గబగబా ఎక్కి ఆయాసపడుతోంది.

"ఓ నెగటివ్ అంట. నాది సరిపోతాదంట కోమలా" అంది.

నా మంచం పక్కన కూర్చుని, పొద్దున్నే రక్తమిచ్చాక తను ఏం తినొచ్చో, ఎన్ని గంటలకు స్నానం చేయాలో అన్నీ మాట్లాడింది. ఏడేళ్లలో ఆమె నాతో అన్ని మాటలు ఆడలేదు. అంతలో డాక్టరమ్మ చేతిలో చీటీతో వచ్చింది. మలయాళీ మనిషి, అరవంలో మాట్లాడుతుంది. నిలబడే మా అత్తను అడిగింది, పిల్లలెంతమందని.

"ఇద్దరుండారు. ముగ్గురు నిలవలేదు."

ఏమై పోయారని అడిగింది.

"పచ్చగా అయి పోయినారు. ముగ్గురూ అంతే. మూడోనాడు ఒగడు, రెండోనాడు ఒగత్తి. కడగొట్టుది ఆ పూటకే."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. మా అత్త చేయి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. మీ రక్తం ఈ బిడ్డకు పనికిరాదు. మీ కోడలి రక్తంలో బిడ్డకు ఎదురు తిరిగే గుణం ఏదుందో, అదే మీ రక్తంలోనూ ఉంది, ముప్పై ఏళ్లయినా పోయి ఉండదు. మీ ఆయన పాజిటివ్, మీరు నెగటివ్. మీ బిడ్డలు దానివల్లే పోయారు. ఆ రోజుల్లో దాన్ని కనుక్కునేవాళ్లు మన ఊళ్లలో లేరు. ఎవరూ ఏమీ చేయగలిగి ఉండేవాళ్లు కాదు అని చెప్పింది.

మా అత్తకు అరవం బాగా వచ్చు. అయినా అర్థం కానట్టు చూసింది. తర్వాత తెలుగులో, డాక్టరమ్మను కాదు, నన్ను అడిగింది.

"అయితే నా పాపం కాదా అది?"

కాదత్తా అన్నాను. ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ కాదన్నాను. ముప్పై ఏళ్లు ఆమె శనివారాలు ఒంటిపూట ఉంది. ముప్పై ఏళ్లు ఎవరి పురిటింటికీ పోలేదు, చుట్టాల్లో ఎవరూ పిలవలేదు కూడా. తన చేయి తగిలితే పసిబిడ్డలు నిలవరని ఆమె నమ్మింది. నా కూతుర్ని మూడు నెలలు ఎందుకు ఎత్తుకోలేదో నాకు అప్పుడు అర్థమైంది. అమ్మకు రాసిన ఉత్తరం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో సీసాకు దారి డాక్టరమ్మే చూపించింది. ఆసుపత్రి దగ్గర ఓ నెగటివ్ ఒకటుంది. అది తీసుకోవాలంటే బదులుగా ఏ గ్రూపైనా సరే, మా వాళ్లెవరైనా ఒకరు రక్తమివ్వాలి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశారు. ఇప్పటికే ఒకసారి ఇచ్చిన అనుభవం ఉంది కదా, మీకేం భయమన్నాను. అప్పుడు చెప్పారు బత్తాయి రసం కథ. నెల రోజుల బాదంపాలు నా కళ్ల ముందు కదిలాయి. ఇంకో రోజయితే నేనేమనేదాన్నో నాకే తెలియదు. ఆయన మాత్రం చెప్పడం ముగించి, అప్పటి ఎర్ర బిళ్ల జేబులోంచి తీసి నా దిండు పక్కన పెట్టి, కిందికి పోయారు. కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చారట. ఇంటికొచ్చాక ఎవరూ బాదంపప్పు నూరలేదు, ఆయనా అడగలేదు.

బిడ్డ పుట్టాడు. మగవాడు. పుట్టిన కొన్ని గంటలకే పసుపు తిరిగింది. ఆ రంగు చూసి నేను గోడకు తిరిగి పడుకున్నాను, రెండోసారి చూసే ఓపిక నాకు లేదు. మా అన్న రక్తం వాడికి చెంచాడు చెంచాడుగా పోతూ ఉందని, వాడిది బయటికొస్తూ ఉందని గంటగంటకీ ఎవరో వచ్చి చెప్పారు. మర్నాడు రెండో సీసా కూడా కావలసి వచ్చింది. అయిదోరోజు నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, ఎవరు తీసుకుంటారంది. నేను లేవలేదు. అత్త వైపు చూపించాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి చేతులు చాపింది. వాడి మొహం కిటికీ వెలుతురుకు తిప్పి, రెప్పలు పైకెత్తి కళ్లు చూసింది. తెల్లగా ఉన్నాయి. ఆ రోజు నా కన్నా ఆమె ఎక్కువ ఏడ్చింది.

ఇరవై రోజులకు ఇంటికి చేరాం. మంచిరోజు చూసి పేరు పెట్టారు. భోజనాలయ్యాక మామగారు కాళ్లు చేతులు కడుక్కుని, అలమరలోంచి పుస్తకం తీసి, కొత్త పాళీ సిరాలో ముంచారు. వరదరాజన్ అని రాశారు. హస్తా నక్షత్రం. శ్రీవత్స గోత్రం. అయిదో గడి దగ్గర ఆగి మా ఆయన వైపు చూశారు. ఓ పాజిటివ్ అని ఆసుపత్రి చీటీ చూసి మా ఆయన చెప్పారు. ఈసారి మామగారు చీటీ అడిగి తీసుకుని చూసి మరీ రాశారు. తనది కొట్టేసి బీ అని దిద్దుకున్నారు. నాది, మా అత్తది కొట్టేసి నెగటివ్ అని రాశారు. అశుభమనలేదు. అంతటితో పుస్తకం మూయబోయారు.

"ఉండండి" అంది మా అత్త. బిడ్డ ఆమె ఒళ్లో ఉన్నాడు. "మిగతావోళ్లను కూడా రాయండి."

ఎవరినని అడిగారు మామగారు.

"ముగ్గురిని. నిలవనోళ్లను."

మామగారు పాళీ పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు పేర్లు పెట్టలేదు కదా, పేరు లేకుండా పుస్తకంలో ఎట్లా రాసేదని, నక్షత్రాలు కూడా ఇప్పుడు గుర్తుండవని మెల్లగా అన్నారు.

"నచ్చత్రాలు నాకు గ్యాపకముండాయి, నేను చెప్తా. పేరు గడి వదిలేయండి. రక్తం గడిలో మాత్రం రాయండి." బిడ్డ కదిలితే జో కొట్టి, మళ్లీ అంది. "ఓ నో బీ నో తెలీదు. పాజిటివ్ అని మాత్రం తెలుసు. మీ మాదిరే. మీ గోత్రమే, మీ రక్తమే అండి వాళ్లది. అందుకే పోయినారు."

నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. నావాడిని కూడా రాయండి మామా అన్నాను. వాడి నక్షత్రం ఎవరినీ అడగక్కర్లేదు, నాకు తెలుసు.

ఆయన స్కేలు తీసుకుని నాలుగు వరుసలు గీశారు. మా అత్త ఒక్కొక్క నక్షత్రమే చెబుతుంటే రాశారు. నాలుగో వరుసకు నేను చెప్పాను. పేరు గళ్లు నాలుగూ ఖాళీగా ఉన్నాయి, పక్కన పాజిటివ్, పాజిటివ్, పాజిటివ్, పాజిటివ్. ఆ నాలుగు వరుసల్లో మాత్రం మామగారి చేతిరాత ముత్యాల్లా లేదు. సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.